మూత చెప్పాల్సిన మాట

ఒకటో తరగతి గదిలో చిన్న బల్ల దగ్గర ఆరుగురు పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కో నీలం రంగు టిఫిన్ డబ్బా. వాళ్ళకు ఎదురుగా నిలబడ్డ ఇంజనీరమ్మ కళ్ళు ఆ డబ్బాల మూతల మీదే ఉన్నాయి.

ఇంజనీరమ్మ అంటే ఏ పెద్దావిడో అనుకునేరు. ఆరో తరగతి పిల్ల. ఓసారి గోడ గడియారం విప్పేసి మళ్ళీ బిగించింది. గడియారం గోడెక్కింది గానీ మూడు మరలు చేతిలోనే మిగిలిపోయాయి. ఆ రోజు నుంచీ ఇంట్లో అందరికీ ఆమె ఇంజనీరమ్మే.

ఆ డబ్బాల మూత ఆమె సొంత డిజైన్. ఒకటో తరగతి చదివే తమ్ముడు రోజూ మూత రాక నానా తిప్పలూ పడుతుంటే చూడలేక గీసింది. మూత అంచున చిటికెన వేలంత పట్టీ ఉంటుంది. దాన్ని పక్కకు జరిపితే మూత ఠక్కున లేస్తుంది.

వాళ్ళ మేనత్త ప్రొడక్ట్ డిజైనర్. బకెట్ల నుంచి కుర్చీల దాకా ఇళ్ళలో వాడే వస్తువులు ఎలా ఉండాలో గీసి, చేసి చూపించడం ఆవిడ ఉద్యోగం. మేనకోడలు గీసిన బొమ్మ చూసి ముచ్చటపడి, ఆఫీసు మిషన్ మీద ఆరు మూతలు చేయించి స్కూలుకు తెచ్చింది.

"ఆరుగురూ తెరిస్తే క్లాసు మొత్తానికి ముప్పై చేయిస్తా" అంది అత్త. "కానీ ఒకటే షరతు. మనం నోరు విప్పకూడదు. ఎలా తియ్యాలో మూతే చెప్పాలి. రేపు వాళ్ళు తినేటప్పుడు నువ్వు పక్కన ఉండవుగా?"

"విప్పనులే అత్తా!"

ఆ ఆరుగురిలో ఒకడైన తమ్ముడు మూతను నొక్కాడు. గోళ్ళతో లాగాడు. ఆఖరికి పళ్ళతో పట్టుకోబోయాడు. మిగతావాళ్ళదీ అదే అవస్థ. ఇంజనీరమ్మ ప్రాణం విలవిల్లాడిపోయింది. అత్త తల వంచుకుని ఏదో రాసుకుంటోంది.

ఇంజనీరమ్మ నోరైతే విప్పలేదు. బొటనవేలిని అరచేతి మీద అలా పక్కకు జరిపి చూపించింది, అంతే. తమ్ముడు చూశాడు. పట్టీ జరిపాడు. ఠక్! వాణ్ణి చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఆ పక్కమ్మాయి. నిమిషంలో ఆరు మూతలూ లేచాయి.

అత్త తలెత్తింది. "ఆరుకి ఆరా! నా మొదటి డిజైన్‌కి కూడా ఇన్ని మార్కులు రాలేదే!"

ఇక ఇంజనీరమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. తానూ అత్తలాగే డిజైనర్‌నవుతానని ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ చెప్పింది. ఒకసారి కాదు, అన్నం తినే లోపల నాలుగుసార్లు.

వారం తిరక్కుండా ముప్పై మూతలూ వచ్చేశాయి. మొదటి రోజు మధ్యాహ్నం బెల్లు మోగగానే ఆమె తన డబ్బా చేత్తో పట్టుకుని ఒకటో తరగతికి పరుగెత్తింది. అందరూ ఠక్కు ఠక్కున తెరుస్తుంటే చూసి మురిసిపోదామని ఆశ.

తీరా చూస్తే టీచర్ బల్ల ముందు పెద్ద క్యూ. టీచర్ ఒక్కో మూతా తీసిస్తూ "ఇవేం మూతలమ్మా, పాతవే నయం" అని విసుక్కుంటోంది.

గది మూల అందరికంటే చిన్న పాప, ముందు పళ్ళు రెండూ ఊడిన పాప, డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"తినవా?" అని అడిగింది ఇంజనీరమ్మ.

"ఆకలి లేదు."

అంటోందే గానీ చూపంతా పక్కవాడి డబ్బాలోనే ఉంది. పాప ఇటు తిరిగేలోపే ఇంజనీరమ్మ మూత తీసిచ్చింది. ఆ పాప మళ్ళీ తలెత్తితే ఒట్టు. గబగబా తింటూనే ఉంది.

తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, మాకంటే ఆ రోజు నువ్వు వేలితో చూపించావు. పాపం, వీళ్ళకి ఎవరూ చూపించలేదు."

వాడు ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు. ఆ రోజు ఇంజనీరమ్మ తన డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళింది.

సాయంత్రం అత్త వచ్చి "ఏమే, ఎలా ఉన్నాయి మూతలు?" అంది. ఈ కాలం పిల్లలకి తెలివి తక్కువని చెప్పేద్దామనుకుంది ఇంజనీరమ్మ. ఆకలి లేదన్న పాప గుర్తొచ్చింది.

"అత్తా, ఆ రోజు నేను వేలితో సైగ చేశా. అందుకే ఆరూ తెరుచుకున్నాయి."

అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "నేనూ నీ చేతులకేసి చూడలేదు. అది నా పొరపాటు. రేపు పాత మూతలే పెట్టించి, వీటిని వెనక్కి తెప్పిస్తాను."

"నన్ను తిట్టవా?"

"తిడితే మూత తెరుచుకుంటుందా? మళ్ళీ పరీక్ష పెడదాం. ఈసారి రాసేది నువ్వు."

శనివారం అవే మూతల ముందు, మునుపటి ఆరుగురూ కాక వేరే నలుగురు పిల్లలు కూర్చున్నారు. ఇంజనీరమ్మ కుడిచేతిలో పెన్సిల్ పట్టుకుంది. ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద గట్టిగా కూర్చుంది. మొదటివాడు మూత నడిమధ్యన నొక్కాడు. రెండో అమ్మాయీ నడిమధ్యనే నొక్కింది. మూడోవాడు నొక్కి నొక్కి, డబ్బాను తలకిందులు చేశాడు. పట్టీ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

నాలుగోది పళ్ళు ఊడిన పాప. రెండుసార్లు నొక్కి, ఇంజనీరమ్మ ముఖంలోకి చూసింది. చెప్పవా అన్నట్టు చూసింది. ఇంజనీరమ్మ పెదవి కొరుక్కుని కాగితం మీదికి వంగింది.

"నలుగురు. ఒక్కరికీ రాలేదు" అని రాసింది. బాధగానే ఉంది. ఐనా అక్షరం పొల్లు పోకుండా రాసింది.

తర్వాత కొత్త కాగితం మీద డబ్బా మూతంత చతురస్రం గీసి, పాప పక్కకు వెళ్ళి నేల మీద కూర్చుంది.

"ఇది మూత అనుకో. నువ్వైతే ఎక్కడ నొక్కుతావు?"

పాప కాసేపు ఆలోచించి కాగితం నడిమధ్యన వేలు పెట్టింది.

"తియ్యకు, అలాగే ఉంచు" అని ఇంజనీరమ్మ ఆ చిన్న వేలి చుట్టూ నెమ్మదిగా పెన్సిల్‌తో గీత గీసింది.