తెర వెనక పడిన పాచిక

"పుస్తకంలో అలా లేదండీ," అంది మారిట్.

అమెరికాలో డులూత్ అనే ఊళ్లో కార్విన్ నడిపే ఆటవస్తువుల దుకాణం వెనక గదిలో, టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకున్నారు. ఆ ఆటకు ఆమె రావడం అదే మొదలు. అందరూ తలో పాత్ర ఆడతారు; ఆ పాత్ర గెలిచేదీ, చచ్చేదీ పాచికే తేలుస్తుంది. కథ నడిపే గేమ్ మాస్టర్ వేడ్. అతని పాచికలు మాత్రం ఎవరికీ కనపడకుండా ఒక అట్ట తెర వెనక దొర్లుతాయి.

"పుస్తకం ఎవరిదైనా టేబుల్ నాది. ఇక్కడ నా మాటే రూలు," అన్నాడు వేడ్. "మీరు ఆడే వైద్యురాలికి ఆ వాగు దూకడం చేతకాదు."

"ఎందుకని?"

"ముసలావిడ కదా."

"మా అమ్మమ్మ హల్డా పేరే పెట్టాను ఆవిడకి. పోయే ముందు ఏడాది కూడా సరస్సులో పడవ తిప్పింది. మీరు ఆవిడతో వాదించాల్సింది, తెలిసొచ్చేది."

వేడ్ ఆమె వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు. "సరే, పాచిక వెయ్యండి."

హల్డా వాగు దూకింది.

వసంతం వచ్చింది. ఓ ఆదివారం ఆట అయ్యాక సరస్సు మీంచి వాన తోసుకొచ్చింది. వేడ్ పరుగున వచ్చి మారిట్ గొడుగు కింద దూరాడు.

"నీ ట్రక్కు అదిగో, ఎదురుగానే ఉందిగా?"

"వానలో ట్రక్కులు నడవవు. కొత్త రూలు."

"ఎప్పుడు పెట్టావు?"

"నీ గొడుగు చూశాక."

ఆమె గొడుగు అతని వైపు వంచింది. ఒక భుజం పూర్తిగా తడిసిపోయినా పట్టించుకోలేదు. చలికాలం వచ్చేసరికి ఆమె తడి మేజోళ్లు అతని ఇంటి హీటరు మీద ఆరుతున్నాయి.

ఆ రోజుల్లోనే కార్విన్ కాఫీ పోస్తూ నోరు జారాడు.

"హల్డాది అదృష్టం కాదు మారిట్, నీ వాడి పుణ్యం. పాచిక ప్రకారం ఎలుగుబంటి గుహలోనే పోయింది ఆవిడ. నేను వాడి పక్కనే కూర్చున్నా, పాచిక చూశాను, వాడు మార్చి చెప్పాడు. నీకు చెప్పలేదా?"

మారిట్ కప్పు కింద పెట్టింది.

"పోనీ, శనివారం కొత్తవాళ్ల ఆట నిన్ను నడపమందామా అని వాణ్ణి అడిగితే, నీకు ఇష్టం లేదన్నాడే. అదైనా తెలుసా?"

ఆమెకు అదీ తెలియదు. అలాంటి ఆట ఒకటి నడపాలని ఎంత కోరికగా ఉందో ఆమె చెప్పుకుంది ఒక్క వేడ్‌తోనే.

సాయంత్రం వేడ్ వంటింట్లో సూప్ కలుపుతున్నాడు. ఆమె కోటు విప్పకుండానే అడిగింది.

"హల్డా చనిపోయిందా?"

అతను గరిటె ఆపాడు. "నువ్వు ఏడుస్తావని... మీ అమ్మమ్మ పేరు కదా. గేమ్ మాస్టర్‌కి ఆ హక్కు ఉంటుంది మారిట్, కథ కోసం."

"ఉంటుంది. ఆట వరకు. శనివారం ఆట నాకు ఇష్టం లేదని ఏ హక్కుతో చెప్పావు?"

వేడ్ పొయ్యి మంట తగ్గించాడు.

"చెప్పు."

"నువ్వు వేరే టేబుల్‌కి వెళ్తే నా టేబుల్‌కి రావు. అందుకని."

"నన్ను అడిగి ఉంటే రెండూ చేసేదాన్ని."

"నిన్ను ప్రేమిస్తున్నాను," అన్నాడు వేడ్. ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి.

ఎన్ని ఆదివారాలుగానో ఆమె ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు వింటూ ఆమె హీటరు వైపు చూసింది.

"నాకోసం ఏది నిజమో, ఏది కాదో ఇన్నాళ్లూ నువ్వే తేలుస్తున్నావు," అంది. "ఈ మాట ఏ లెక్కలో వెయ్యాలో నాకు తెలియడం లేదు వేడ్."

హీటరు మీది మేజోళ్లు తీసుకుని వెళ్లిపోయింది. అవి ఇంకా ఆరలేదు.

మంచు కరిగాక, ఒక శనివారం వేడ్ దుకాణానికి వచ్చాడు. మారిట్ టేబుల్ చివర నిలబడి కొత్తవాళ్లకు ఏదో చెబుతోంది. అందరూ ఆమె మాట కోసం చూస్తున్నారు.

"నేనూ ఆడొచ్చా?" అన్నాడు.

ఆమె అతణ్ణి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే అతణ్ణి భయపెట్టింది.

"జనం సరిపోయారు."

కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. వేడ్ దానివైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

"సరే," అన్నాడు వేడ్.

అతను తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. మారిట్ కుర్చీ లాక్కుని కూర్చుని, "కథలో ఎక్కడున్నాం మనం?" అని అడిగింది. ఎవరో చెప్పారు. ఆమెకు వినపడలేదు, మళ్లీ అడిగింది.