ఎత్తు మీద నిట్టూర్పు

పై కాలనీకి పోయే ఎత్తు మీద ఒక ఒంటరి ఇల్లుంది. రాత్రిపూట దాని ముందు బండ్లు ఆగిపోతాయని ఊరంతా చెప్పుకునేవాళ్లు. పగలు ఏ గొడవా లేదు. పొద్దున పనులకి దిగిపోయిన కాలనీవాళ్లు రాత్రికి గానీ ఎక్కి రారు. చీకటి పడ్డాకే అసలు సంగతి. అప్పటిదాకా బుద్ధిగా నడిచిన బండి ఆ ఇల్లు దగ్గరపడేసరికి ఒకసారి దగ్గుతుంది... ఇంకోసారి దగ్గుతుంది... ఆగిపోతుంది.

పెట్రోలు అయిపోయిందేమోనని దిగి టాంకు మూత తిప్పుతారు కదా — అప్పుడు వినపడుతుందట. చెవి పక్కనే ఎవరో ఆయాసంగా ఊపిరి లాగినట్టు... హా... అని. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. టాంకులో పెట్రోలు ఉంటుంది. కిక్కు కొడితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఆయాసంతోనే పోయింది. పక్క గదిలో కూతురు మిషను కుడుతూనే ఉందని, తల్లి పిలుస్తున్నా లేవలేదని జనం అనుకున్నారు. చూసినవాడు ఒక్కడూ లేడు గానీ కళ్లారా చూసినట్టు చెప్పేవాళ్లకి కొదవలేదు. ఆ తల్లే దారిన పోయేవాళ్లని ఆపుతోందని తేల్చేశారు. కూతురిని టైలరమ్మ అంటారు. చేతిలో మంచి పనున్న మనిషి. అయినా ఆ గుమ్మం తొక్కడానికి ఆడవాళ్లు జంకారు. జాకెట్టు గుడ్డలు రావడం తగ్గి, చివరికి ఆగిపోయాయి. మిషను చప్పుడు కూడా ఆగింది. ఆవిడ ఇల్లు వదిలి వెళ్లిపోయిందని కొందరు, చీకట్లోనే కూర్చుంటుందని కొందరు అనేవాళ్లు.

ఇంత పుకారుకీ రాజముద్ర వేసినవాడు మెకానిక్కు. కింద బజారులో, పెట్రోలు బంకు పక్కనే అతని షాపు. ఇంజనుకి చెవి ఆనించి రోగం చెబుతాడని అందరూ అతన్ని డాక్టరు అనేవాళ్లు. ఆ పిలుపు వినపడితే చాలు, మనిషి కాస్త పొడుగయ్యేవాడు.

ఎత్తు మీద ఆగిన బండ్లన్నీ మర్నాడు అతని దగ్గరికే వచ్చేవి. ఏ బండి వచ్చినా ముందు మూత తీసి టాంకులోకి తొంగిచూడటం అతని అలవాటు. పెట్రోలు పోయించుకోవడం మరిచిపోయి బండిని తిట్టేవాళ్లు లోకంలో తక్కువేం కాదు మరి. మూత తీశాక కిక్కు కొట్టేవాడు. బండి భేషుగ్గా నడిచేది. కార్బురేటరు విప్పాడు, కడిగాడు, బిగించాడు. లోపం చిక్కలేదు. నాకు తెలియలేదు అన్న ముక్క అతని నోట ఎన్నడూ వచ్చింది కాదు. అందుకని చేతులు తుడుచుకుంటూ గంభీరంగా ఒక మాట అనేశాడు.

"బండిలో ఏ లోపమూ లేదు. ఉన్నదంతా ఆ చోట్లోనే."

డాక్టరే అన్నాక ఇంకేముంది! అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా నమ్మారు.

అతనికి మాత్రం రాత్రిపూట ఆ ఎత్తెక్కే పని ఎప్పుడూ పడలేదు. ఒకరోజు పడింది. పై కాలనీలో ఉంటున్న అత్తగారు స్నానాలగదిలో జారిపడి మంచానికి అతుక్కుపోయింది. మందులు అర్జెంటుగా కావాలి. ఆటోవాళ్లు ఆ వేళప్పుడు ఆ దారిన రామన్నారు. డాక్టరు గొంతు సవరించుకుని, తెల్లారాక వెళ్తానని సణిగాడు. భార్య మందుల సంచి తెచ్చి హ్యాండిలుకి తగిలించింది. ఊరందరినీ భయపెట్టింది మీరే కదా, మీరే వెళ్లి రండి అంది.

బంకులో టాంకు నింపించుకుని బయల్దేరాడు. బజారు దాటింది. దీపాలు పలచబడ్డాయి. ఎత్తు మొదలైంది. ఇంజను గొంతు మారకుండా చెవులు రిక్కించుకుని ఎక్కుతున్నాడు. నల్లగా ఆ ఇల్లు కనపడింది...

బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

ఆగిపోయింది.

 భయంలోనూ చేతులు వాటి పని మరిచిపోలేదు. టార్చి నోట కరుచుకుని ప్లగ్గు విప్పి చూశాడు — నిప్పురవ్వ పడుతోంది. కార్బురేటరు కింది స్క్రూ వదులు చేశాడు — పెట్రోలు కారాలి, కారలేదు. లోపల పొడిగా ఉంది. పెట్రోలు పైపు ఊడదీసి పట్టుకున్నాడు. ఒక చుక్క... మరో చుక్క... అంతే. ఇప్పుడే నింపిన టాంకు! ఎవరో పైనుంచి పెట్రోలుని పట్టుకుని లాగుతున్నట్టే ఉంది.

మూత తిప్పాడు.

హా...

చెవి పక్కనే. ఆయాసంగా. దీర్ఘంగా.

సరిగ్గా అదే క్షణంలో, చేతిలో ఉన్న పైపులోంచి పెట్రోలు ధారగా అతని పాదం మీద పడింది.

టార్చి నోట్లోంచి జారిపోయింది. టాంకు కింది కొళాయి కట్టేసి, టార్చి తీసి మూత మీద వేశాడు. అక్కడ తన చేత్తో తానే అద్దిన గమ్ము, గట్టిపడి, నున్నగా ఉంది.

వానల్లో మొదలైన ముచ్చట అది. టాంకులోకి నీళ్లు దిగుతున్నాయని జనం గోలపెడితే, మూత మీదున్న సన్నటి బెజ్జాన్ని గమ్ముతో మూసేశాడు. సొంత తెలివి! వచ్చిన ప్రతి బండికీ అదే వైద్యం. మొన్న తన బండికీ చేసుకున్నాడు. ఆ బెజ్జం లోంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. గాలి లేకపోతే ధార సన్నగిల్లి, ఎత్తు మీద ఇంజను ఎక్కువ తాగాల్సిన చోట పూర్తిగా ఆగుతుంది. పొద్దున పల్లంలో దిగేటప్పుడు దానికి పెద్దగా పెట్రోలే అక్కర్లేదు. మూత తీయగానే టాంకు ఒక్కసారిగా గాలి పీల్చుకుంటుంది. ఆ పీల్పే ముసలావిడ ఊపిరి. షాపులో ముందు మూత తీసి, రోగాన్ని తన చేత్తోనే పారదోలి, తర్వాత దానికోసం వెతికేవాడు.

నవ్వాలి నిజానికి. అతనికి సిగ్గుతో ముఖం మండిపోయింది. చీకట్లో ఎవరూ చూడటం లేదని కూడా ఊరట కలగలేదు.

అప్పుడు ఆ ఇంటి తలుపు కిర్రుమంది.

గ్లాసు పట్టుకుని ఒకామె మెల్లగా రోడ్డు దాకా వచ్చింది. టైలరమ్మ. బాగా చిక్కిపోయింది.

"అన్నా... నీకూ వినపడిందా?" అని గుసగుసగా అడిగింది.

అతను తలూపాడు. ఆమె గ్లాసులో నీళ్లు రోడ్డు పక్కన నేల మీద పోసింది. ఇక్కడ బండి ఆగినప్పుడల్లా వస్తానని చెప్పింది. ఆ రాత్రి అమ్మ నీళ్లడిగిన మాట నిజమే, ఈ కుట్టు పూర్తి కానీ అమ్మా అన్న మాటా నిజమే. కుట్టు పూర్తయి లేచేసరికి అమ్మ లేదు.

"తప్పయిపోయిందమ్మా అని ప్రతిసారీ చెప్పుకుంటున్నా. ఈమధ్య ఆ నిట్టూర్పు మెత్తగా వస్తోందన్నా... మన్నించిందేమో."

డాక్టరు మందుల సంచి వైపు చూశాడు, చీకట్లోకి చూశాడు. నోరు మూసుకుని వెళ్లిపోతే పేరు నిలుస్తుంది. ఆమెకీ ఆ ఊరట మిగులుతుంది. కానీ ఇల్లు దెయ్యాలకొంపగానే ఉండిపోతుంది, ఆమె తల్లిని చంపుకున్నదానిగానే ఉండిపోతుంది. అతను మూత ఆమె చేతికిచ్చి, టార్చి వెలుగు దాని మీద వేసి, అంతా చెప్పాడు. గమ్ము, గాలి, తను అన్న మాట — ఏదీ దాచలేదు. రేపు బజారులో నిలబడి అందరికీ చెబుతానని, ప్రతి బండి మూతా తెరిపించి గమ్ము గీకేస్తానని అన్నాడు.

ఆమె వంకర కుట్టుని చూసినట్టు ఆ మూతని అటూ ఇటూ తిప్పి చూసింది. గోటితో గమ్ము గీరింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"చెప్పన్నా. తప్పకుండా చెప్పు," అంది చివరికి.

మూత తిరిగి ఇచ్చేసింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అయితే... మా అమ్మ ఒక్కసారి కూడా రాలేదా?"

తలుపు మూసుకుంది.

విప్పినవన్నీ బిగించి, పైపు తగిలించి, మూత పెట్టాడు. ఇప్పుడు కిక్కు కొడితే బండి ఒక్క దెబ్బకి స్టార్టవుతుందని అతనికి తెలుసు. కొట్టలేదు. ఆ చప్పుడు ఆమెకి వినపడకూడదని, నిక్షేపంలాంటి బండిని రొప్పుతూ అత్తగారి ఇంటిదాకా తోసుకుంటూనే పోయాడు.