దూది నడిచే దారి

పాలకు బయల్దేరే ముందు అనసూయ వరండాలో పీట వేసుకుని కూర్చుంది. పీట జరిగిన చప్పుడుకే మూలన పరిచిన గోనెసంచి మీద నుంచి ముసలి కుక్క దూది లేచింది. ముందు కాళ్ళు చాచి ఒళ్ళు విరుచుకుంది. వెనక కాళ్ళు వెంటనే మాట వినలేదు. కాసేపు ఆగి, వాటిని కూడగట్టుకుని, తిన్నగా నడిచి వచ్చి అనసూయ మోకాలి మీద గడ్డం ఆనించింది.

"రా నా తల్లీ. ఏదీ, చెవులు చూపియ్యి."

రోజూ జరిగే తంతే అది. చెవులు మడిచి చూడటం, కాలివేళ్ళ మధ్య పిడుదులున్నాయేమో వెతకటం, పెదవి పైకెత్తి చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయో పాలిపోయాయో చూడటం. గోనెసంచులు బాగుచేసే చేతులు అవి. ఏ సంచికి ఎక్కడ చిల్లి ఉందో కంటికంటే ముందు ఆమె వేలికే తెలుస్తుంది.

ఎనుమాముల మార్కెట్‌లో ఖాళీ సంచులు కొని, దబ్బనంతో కుట్టి, దులిపి మళ్ళీ అమ్మటం ఆ ఇంటి వ్యాపారం. భర్త పోయాక కొడుకు గోపాల్ అందుకున్నాడు. గుమ్మం పక్కన మిర్చి సంచుల దొంతర, నడవాలో పసుపు సంచులు, వంటింటి మలుపులో మొక్కజొన్నలు పోసిన మక్కల సంచులు. సంచులు పోతుంటాయి, వస్తుంటాయి. వాటి చోటు మాత్రం అనసూయ కాపురానికి వచ్చిన నాటి నుంచీ మారలేదు.

మనవరాలు దీప బడికి వెళ్ళే రోజుల్లో, మార్కెట్‌లో పత్తి బండి కింద దొరికింది దూది. పత్తిలో పత్తిలా కలిసిపోయి, ముక్కొక్కటే నల్లగా కనిపించిందట. ఇంటికి తెచ్చిన వారానికే నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. పార్వో జబ్బు, ఆశ పెట్టుకోవద్దన్నారు పశువుల దవాఖానలో. అనసూయ దాన్ని ఒళ్ళో పెట్టుకుని సెలైన్ ఎక్కించింది. చెంచాతో చుక్కచుక్కగా నీళ్ళు తాగించింది. ఇంత చేసినా కదలని ఆ గుప్పెడు ప్రాణం ఒక పొద్దున ఆమె బొటనవేలిని నాకింది. అప్పుడు ఆమెకు ఒళ్ళు జలదరించింది. చావు దాకా వెళ్ళి దారి వెతుక్కుని వెనక్కి వచ్చింది కదా అనుకుంది.

ఆ తర్వాత దాని ఆరోగ్యం అనసూయ చేతి పని అయిపోయింది. ఏటేటా పిచ్చికుక్క జబ్బు రాకుండా టీకా, పిల్లలు కాకుండా ఒకసారి ఆపరేషన్, ఎండాకాలంలో తడిపిన గోనెసంచి. కోడి ఎముక ఒక్కటి కూడా దాని ముందు పడనిచ్చేది కాదు. ఇప్పుడు పళ్ళు ఊడాక మెత్తటి అన్నం, ఉడికించిన గుమ్మడికాయ. కీళ్ళ మందుబిళ్ళను పెరుగన్నం ముద్దలో దాచి పెడుతుంది. కళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా మసకబారాయి. ముసలితనానికి వచ్చే పొరేలే అని ఊరుకుంది.

"పద, పాలకు పోదాం."

వీధిలో దూది ఆమె కుచ్చిళ్ళకు ఒళ్ళు రాసుకుంటూ నడిచింది.

"అంత రోడ్డుండంగ నా చీర మీదనే పడ్తవేందే? కాళ్ళల్ల పడి నన్ను ఎల్లెల్కల పడేస్తవా?" అని కసురుకుంది అనసూయ. మనసులో మాత్రం, ఎంత ప్రేమో దీనికి అని మురిసిపోయింది.

తిరిగి వచ్చేసరికి వాకిట్లో గోపాల్ ట్రాలీ ఆటో ఆగి ఉంది. కోడలు తిరుమల కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది.

"అత్తమ్మా, సంచులన్ని గోదాముకు పంపుతాన్నం. పెయింటోళ్ళు వస్తాండ్రు. దీప పూలుపండ్లకు పిల్లగాని తరఫోళ్ళు వస్తే ఇల్లంత గీ గోనె వాసనేనా?"

"వాసనైతేంది? గా వాసనతోనే కద ఇల్లు నిలబడ్డది."

"నిలబడ్డది సరే, జర మంచిగ గూడ కనబడాలె గదా!"

తిరుమల నవ్వింది. అనసూయ కూడా నవ్వింది. మనవరాలి నిశ్చితార్థం. కాదనటానికి ఏముంది?

నాలుగు రోజుల్లో ఇల్లు గుర్తుపట్టలేకుండా మారింది. గోడలకు లేత ఆకుపచ్చ రంగు, గడపకు ఎనామిల్ పెయింటు. మిర్చి సంచులున్న చోట కొత్త సోఫా. నేలంతా ఫినాయిల్ ఘాటు. అందరికీ బాగుంది.

దూదికే బాగుండలేదు. నడవాలోకి వచ్చి గోడకు తల కొట్టుకుంది. నీళ్ళ గిన్నెలో కాలు వేసి బోర్లించింది. ఎన్నడూ లేనిది హాలు మధ్యలో ఉచ్చ పోసి, అక్కడే వణుకుతూ నిలబడిపోయింది. పిలిస్తే వచ్చేది కానీ, వంకరటింకరగా, ఆగి ఆగి వచ్చేది. అనసూయ చెవులు చూసింది, చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఇన్నేళ్ళలో తన వేలికి దొరకని జబ్బు దానికి రాలేదు.

ఆ మధ్యాహ్నమే పిల్లవాడి మేనత్త కమల ఇల్లు చూసిపోదామని వచ్చింది. కొత్త సోఫాలో కూర్చుని టీ తాగుతోంది. దూది నడిచి వచ్చి ఆమె మోకాళ్ళను ఢీకొంది. కమల ఉలిక్కిపడి చేయి విసిరింది. చేయి దూది మొహానికి తగిలింది. అంతే, గుర్రుమని నోరు వేసింది దూది. ఉన్న నాలుగు పళ్ళకు పట్టుచీర అంచు చిక్కి పర్రున చిరిగింది.

"అమ్మో! మీ కుక్కకు పిచ్చి లేసిందా ఏంది వదినె?" అంటూ సోఫా ఎక్కి నిలబడింది కమల.

తిరుమల ఎంత సముదాయించినా ఆమె టీ పూర్తి చేయలేదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "పూలుపండ్ల నాడు మాతోని చిన్నపిల్లలు గూడ వస్తరు. తర్వాత మీ ఇష్టం" అంది.

గోపాల్ ఇంటికి వచ్చేసరికి తిరుమల కళ్ళు తుడుచుకుంటోంది. విన్నాడు. నేరుగా తల్లి దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, రేపు పొద్దున దూదిని నెక్కొండ తోలుకపోత. మా దోస్తు మిర్చితోట ఉన్నది. అక్కడ ఉంటది."

అనసూయ తల ఎత్తింది. "లేచి నిలబడనీకె దానికి అంతసేపు పడ్తాంది. తోటల దానికి కీళ్ళ గోలి ఎవలేస్తరు? గుమ్మడికాయ ఎవలుడకబెడ్తరు? పంపుడంటె చంపుడే రా గోపాలు."

"మరి ఏం చెయ్యమంటవ్? సంబంధం చెడగొట్టుకోమంటవా? నాకు దాని మీద పగనా? రేపు ఏ చిన్నపిల్లనో కరిస్తె?"

"ఏటేట సూదులేయించిన. పిచ్చెట్ల లేస్తది?"

"పిచ్చో, ముసలితనమో! ఇంటికొచ్చిన మనిషి మీద పడ్డదా లేదా? ఇగ దాంతోని కాదమ్మా!"

"చిరిగిన సంచిని గూడ పారేయని ఇల్లు రా ఇది!" అంది అనసూయ. "మీ బాపు చిల్లి సంచి కనబడ్తె కాళ్ళతోని గూడ తొక్కనిచ్చేటోడు కాదు, కుట్టుకుందాం తియ్యి అనేటోడు. ఊపిరున్నదాన్ని పారేస్తనంటవా? పోతె నన్ను గూడ ఆటో ఎక్కియ్యి. ఇద్దరం ముసలోళ్ళమే. మాతోని ఇగ కాదు."

గోపాల్ మొహం మాడిపోయింది.  అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని వింటున్న దీప ముందుకు వచ్చింది.

"డాడీ, పత్తి కిందకెల్లి తెచ్చింది నేను. తోలుకపోయే ముందు ఒక్కసారి దవాఖానల చూపెట్టుండ్రి. బాపమ్మకు తెల్వని జబ్బంటె ఏదో ఉన్నట్టే."

మర్నాడు పొద్దున గోపాలే ఆటో నడిపాడు. పశువుల దవాఖానలో డాక్టర్ శ్రీలత జరిగిందంతా విని, దూదిని బల్ల మీద నిలబెట్టింది. గుండె విన్నది, నడుము తడిమింది. తర్వాత కళ్ళల్లోకి టార్చి వేసింది. చేయి కళ్ళ ముందు ఆడించింది. దూది రెప్ప వేయలేదు. ఒక పత్తి ఉండను దాని ముక్కు ముందు నుంచి కిందకు వదిలింది. చప్పుడు లేకుండా పడిన ఆ ఉండ వైపు దూది తల తిప్పలేదు.

"అమ్మా, దీనికి కండ్లు కనిపించవు."

"మొన్నటిసంది పోయినయా డాక్టరమ్మా?"

"మొన్నటిది కాదమ్మా. బాగా ముదిరిన శుక్లాలు. రెండు కండ్లు పోయి ఏండ్లయి ఉంటయి. మీకు తెలియదా?"

గోపాల్ నమ్మలేదు. "గట్లెట్లయితది మేడం? మొన్నటిదాక ఇంట్ల దేనికీ తాకలేదు. నేను గల్లీ మలుపు తిరగంగనె గుమ్మంల నిలబడేది. రోజు మా అమ్మతోని పాలకు పోతది."

"ఆటో చప్పుడు పట్టుకుని ఉంటది. ఇంట్ల వాసనల లెక్క దానికి ఎరుక. ఈ మధ్య ఇంట్ల ఏమన్న మార్చిండ్రా?"

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  డాక్టర్ దూది వీపు నిమిరింది. "మత్తిచ్చి ఆపరేషన్ చేసే వయసు కాదు. గుండె తట్టుకోదు. పిచ్చి లేదు, కోపం లేదు. చీకట్ల దెబ్బ తగిలితె భయపడ్డది, అంతే. దాని సామాను దాని చోట పెట్టుండ్రి. తాకే ముందు పేరు పెట్టి పిలువుండ్రి."

తిరుగుదారిలో దూది అనసూయ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఆమె దాని నుదురు నిమురుతూ, తెల్లబడిన ఆ కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. ఏళ్ళ తరబడి లారీల మధ్య, బండ్ల మధ్య, పొద్దున్నే పాలకు వచ్చింది ఇది. కుచ్చిళ్ళకు రాసుకున్నది ప్రేమ ఒక్కటే కాదు. ఆ చీర అంచే దానికి రోడ్డు. తను కసురుకున్న ఆ అంచును పట్టుకుని, తన నడకను నమ్మి, ఇది కటిక చీకట్లో ఊరంతా తిరిగింది. ఒక్కనాడు ఆగలేదు, ఒక్కనాడు మూలగలేదు. తోక ఊపుకుంటూ తిరిగింది.

ఇంటికి రాగానే అనసూయ గడప దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉంటున్న ఇల్లు. వంటింటి దాకా వెళ్దామనుకుంది. రెండడుగులు వేసేసరికే సోఫా అంచు మోకాలికి కొట్టుకుంది. గోడ అనుకున్న చోట గోడ లేదు.  చటుక్కున కళ్ళు తెరిచింది. తనకు తెరవటానికి కళ్ళున్నాయి.

"అత్తమ్మా, ఏమైంది?" తిరుమల పరుగున వచ్చింది.

"నీ కూతురు పత్తి కిందకెల్లి తెచ్చింది కుక్కపిల్లను కాదే తిరుమలా," అంది అనసూయ. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "కండ్లు పోయి ఏండ్లయిందంట, చీకట్లనే మనింట్ల తిరిగింది. అదేందో నాకు గూడ తెల్వది."

గోపాల్ లోపలికి రాలేదు. వాకిట్లోనే ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందేమో అనుకున్నారు ఆడవాళ్ళు. కాసేపటికి ఆటో మళ్ళీ వచ్చి ఆగింది. అందులో గోనె కట్టలున్నాయి. గోపాల్ ఒక్కో కట్టా భుజాన వేసుకుని దింపాడు. సోఫాను గోడవారకు నెట్టి, గుమ్మం పక్కన మిర్చి సంచులు పెట్టాడు. నడవాలో పసుపు సంచులు, వంటింటి మలుపులో మక్కల సంచులు. పాత మరకల గుర్తులు పెయింటు కింద పోయినా, ఎక్కడ ఏది ఉండాలో అతని ఒంటికి తెలుసు. మిర్చి ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మారు.

"పిలువు అమ్మా," అన్నాడు గోడకు ఆనుకుని.

"దూదీ!" అని వంటింట్లో నుంచి పిలిచింది అనసూయ.

గడపలో నిలబడ్డ దూది ముక్కు పైకెత్తింది. గాలి లాగింది. మిర్చి దగ్గర ఒకసారి ఆగింది. ఎడమకు తిరిగింది. పసుపు దాటింది. మక్కల దగ్గర మలుపు తిరిగి, ఎక్కడా తడబడకుండా, గీత గీసినట్టు నడిచి వచ్చి ఆమె పాదాల మీద ముక్కు పెట్టింది. తోక ఊగింది.

తిరుమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోపాల్ నేల మీద చతికిలబడ్డాడు. చేయి చాచబోయి, డాక్టర్ మాట గుర్తొచ్చి ఆగి, "దూదీ, నేనే బిడ్డా" అన్నాడు. అప్పుడు దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. 

పూలుపండ్ల నాడు ఇల్లు బంతిపూలతో నిండింది. పళ్ళేల్లో పండ్లు, చీర, పసుపు కుంకుమ. పట్టుబట్టలు కట్టుకున్న చుట్టాల మధ్య, సోఫా పక్కనే గోనెసంచుల దొంతరలు. కమల లోపలికి అడుగుపెడుతూనే తుమ్మింది.

"ఇదేంది వదినె! పూలుపండ్లకు గోనెసంచులా?"

తిరుమల తడబడకుండా, "కూసోండి వదినె, చెప్త" అంది. కానీ ఆమె చెప్పకముందే వంటింట్లో నుంచి దూది వచ్చింది. గోపాల్ ముందే చెప్పి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అత్తమ్మా," అని దీప మెల్లగా అంది కమలతో. "దానికి కండ్లు లేవు. ఏండ్లసంది లేవు. మాక్కూడ మొన్ననే తెలిసింది. జర చూడుండ్రి."

 దూది మక్కల సంచులను దాటింది. పసుపు దగ్గర ఆగి గాలి పీల్చింది. ఇంత మంది కొత్త మనుషుల వాసనల్లోంచి, బంతిపూల వాసనల్లోంచి, తన దారిని వెతికి తీసింది. నెమ్మదిగా, నిబ్బరంగా వచ్చింది. దాని దారిలో ఉన్న వాళ్ళు ఒక్కొక్కరే కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఎవరూ చెప్పలేదు. కమల కూడా చీర కుచ్చిళ్ళు దగ్గరకు లాక్కుంది. తర్వాత ఏమనుకుందో, "దూదీ" అని పిలిచి, వంగి దాని నెత్తిన వేళ్ళు ఆనించింది. పూజలో దేన్నో తాకినంత మెల్లగా తాకింది.

మర్నాడు పొద్దున అనసూయ పాలగిన్నె తీసుకుని గడప దిగింది. దూది వెనకే దిగింది. వీధిలో మొదటి లారీ పోతోంది. అనసూయ ఆగి, కుచ్చిళ్ళు ఒక పక్కకు జరిపి, దాని భుజానికి అందేట్టు పట్టుకుంది.

"ఆనుకో తల్లీ," అంది. "నా మీదనే పడు."