ముప్ఫై ప్రశ్నలూ పూర్తయ్యేదాకా

డేగ చెయ్యి వణకగా చూసిన మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. ఈ మాట ఎక్కడైనా, ఎవరి ఎదుటైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను. ఒకసారి ఆరుగురు తుపాకులు గురిపెట్టి నిలబడితే, కప్పులో టీ పోసుకుని, సాసర్లో చుక్క పడకుండా తాగి, కప్పు కడిగి బోర్లించి మరీ వాళ్ళ పని పట్టాడు. డేగ అన్నది గూఢచారి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. అసలు పేరు పెట్టి పిలిచేది వాళ్ళమ్మ. తమ్ముడికి మాత్రం ఎప్పుడూ అన్నయ్యే.

ఆ తమ్ముడు పోయి ఆరు వారాలు. డిపార్ట్‌మెంటు రహస్య ఆఫీసులో కూర్చుని ఫోన్లో "అన్నయ్యా, లైన్లో ఉన్నావా" అంటుండగా బాంబు పేలింది. ఆ తర్వాత ఫోన్లో మాట లేదు. చేయించింది విదేశీ ముఠా. రిమోట్ నొక్కింది మాత్రం లోపలి మనిషే. ఆ రోజు డ్యూటీలో ఉండి బతికి బయటపడ్డవాళ్ళు నలుగురు.

"ఆ నలుగురిలో ఒకరు," అన్నాడు చీఫ్. "పది రోజుల్లో వాళ్ళకి పీటీఎస్‌డీ ఇంటర్వ్యూలు. ఘోరం చూసినవాళ్ళ మనసు ఎంత దెబ్బతిందో కొలిచే పరీక్ష. నీ ముఖం ఎరిగినవాళ్ళు వాళ్ళలో లేరు, డాక్టర్ వేషంలో నువ్వు చేస్తావు. కళ్ళజోడులో మైక్ ఉంది, పక్క గదిలో నేను వింటుంటా. మనిషి దొరికితే 'మంచినీళ్ళు కావాలా' అను. తలుపులు లాక్ చేయిస్తా."

"తలుపులెందుకు సార్, ఇది చాలు." డేగ జేబులోంచి పెన్ను తీశాడు. మూత తిప్పితే సూది. సూది గుచ్చితే మూడు సెకన్లలో చావు.

"అది ఎమర్జెన్సీకి."

"ఇంతకన్నా ఎమర్జెన్సీ నాకు లేదు సార్."

ఆ పది రోజులూ కూర్చోబెట్టి అతనికి ఆ పని నేర్పింది మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ. పొట్టి మనిషి, గొంతు మాత్రం హెడ్‌మాస్టరుది. "కాగితం మీద ముప్ఫై ప్రశ్నలున్నాయి బాబూ. ఉన్నవి ఉన్నట్టే చదవాలి. ఒక్కటి వదలకూడదు, మధ్యలో ఆపకూడదు. ఏ బాధ చెప్పినా, నెలలో ఎన్నిసార్లు అని అడగాలి. దానికీ ఆ సంఘటనకీ సంబంధమేమిటని అడగాలి. సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వెయ్యాలి. నీ కోపానికి ఇందులో గడి లేదు."

ఇంటర్వ్యూల రోజు ఆవిడ అసిస్టెంటులా మూల కుర్చీలో కూర్చుంది.

మొదటి ముగ్గురూ మగవాళ్ళు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. శబ్దం వినిపించలేదు. గోడ చప్పుడు లేకుండా మీదికి వచ్చింది, అంతే.

పదకొండున్నరకు నాలుగో మనిషి వచ్చింది. ఆఫీసులో ఆమెను నెమలి అంటారు. ఆమె నడిచి వెళుతుంటే ఫైళ్ళు చూసేవాళ్ళు పేజీ తిప్పడం మర్చిపోతారు. రెండు దేశాల రహస్యాలు ఆమె దగ్గర ఉంటాయని ప్రతీతి. ఎవరి రహస్యాలు ఎవరికి అమ్మేదో చీఫ్‌కీ తేలలేదు. పేలుడప్పుడు అదే బిల్డింగు మెట్ల మీద ఉన్నానని రాసిచ్చింది.

"త్వరగా కానివ్వండి డాక్టర్ గారూ. పన్నెండింటికి పేలుడులో పోయినవాళ్ళ సంతాప సభ ఉంది కదా, దానికి రాలేనని మీరు సర్టిఫికెట్ ఇస్తే ఇంటికెళతా."

ఆ సభలో ముందు వరుసలో డేగ తల్లీ, మరదలూ కూర్చుంటారు.

డేగ మొదటి ప్రశ్న చదివాడు. "గత నెలలో, మీరు వద్దనుకున్నా ఆ సంఘటన గుర్తొచ్చిందా? ఎలా గుర్తొచ్చింది?"

"రోజూ," అంది. ఈసారి గొంతులో నటన లేదు. "ముందు వెలుగు. అంతా నిశ్శబ్దం. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతలో శబ్దం."

డేగ పెన్ను మూత మీద బొటనవేలు ఆగింది. వెలుగుకూ శబ్దానికీ మధ్య రెండు సెకన్లుంటే మనిషి ఏడు వందల మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆఫీసు మెట్లకు కాదు, దూరాన ఆ బిల్డింగు కనిపించే వంతెనకు సరిపోయే లెక్క. రిమోట్ నొక్కింది ఈమే.

"మంచినీళ్ళు కావాలా?" అన్నాడు.

"వద్దు."

తలుపు బయట చిన్నగా క్లిక్‌మంది. మూత సగం తిరిగింది. మూలనుంచి డాక్టరమ్మ దగ్గింది. "రెండో ప్రశ్న, డాక్టర్ గారూ."

పళ్ళు కొరుకుతూ రెండోది అడిగాడు. మూడు, నాలుగు, అయిదు. ఒక్కో ప్రశ్న చదువుతూ ఆమె మెడ మీద సూది ఎక్కడ దించాలో చోటు చూసుకున్నాడు. ఆరోది వచ్చింది. "ఆ సంఘటన గుర్తొస్తుందని ఏ వస్తువులకైనా, చోట్లకైనా దూరంగా ఉంటున్నారా?"

"పూలు," అంది ఆలోచించకుండా. "వారం నుంచీ పూలు చూడలేకపోతున్నా. దండలు మరీనూ."

"పూలకీ ఆ సంఘటనకీ సంబంధమేమిటి?" కాగితంలో అలా అడగమని ఉంది కాబట్టి అడిగాడు.

ఆమె గోడ గడియారం వైపు చూసింది.

"ఆ రోజు అక్కడ పూలు లేవు," అన్నాడు డేగ కళ్ళజోడు సర్దుకుంటూ. "ఇవాళ సభలో ఉన్నాయి. పెద్ద దండ, స్టాండు మీద. సార్, వింటున్నారా?"

పక్క గదిలో కుర్చీ కిందపడ్డ చప్పుడు. టైము పదకొండూ నలభై ఎనిమిది.

"ఏడో ప్రశ్న," అంది డాక్టరమ్మ.

పన్నెండుకు అయిదు సెకన్లుందనగా ఎవరో ఆ దండను స్టాండుతో సహా సభ వెనకాల ఖాళీ మైదానంలోకి గిరాటేశారు. కిటికీలో తెల్లటి వెలుగు. ఒకటి, రెండు. అద్దాలు అదిరాయి.

నెమలి చేతుల్లో తల దాచుకుంది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. డేగ బల్ల కింద ఉన్నాడు. మొదట్లో నేనన్న మాట మీకు గుర్తుంటే దయచేసి మర్చిపోండి. చెయ్యి వణికింది, ఆకులా వణికింది.

ఫోన్ మోగింది. అమ్మా, మరదలూ క్షేమం. అతను లేచి కూర్చుని మిగిలిన ప్రశ్నలన్నీ అడిగి మార్కులు కూడాడు.

"యాభై రెండు. మీది నాటకం కాదు. జబ్బు నిజం."

"మందుందా?"

"ఉంది. చేసిందంతా మొదటినుంచి చివరిదాకా, వారం వారం, ఎదుటి మనిషికి నోటితో చెప్పాలి. జైల్లో ఏర్పాటు చేయిస్తా. ఎదుటి కుర్చీలో మా తమ్ముడి భార్యని కూర్చోబెడతా."

నెమలి అంతవరకూ ఎవరికీ భయపడింది కాదు. ఆ మాటకు కుర్చీ తలుపు వైపు జరుపుకుంది.

"అది వైద్యం కాదు బాబూ, కక్ష," అంది డాక్టరమ్మ.

"రెండూ కలిపి కుదరదా డాక్టరమ్మా?"

"కుదరదు."

నెమలిని తీసుకెళ్ళాక ఆవిడ కొత్త కాగితం తీసి, నెమలి ఖాళీ చేసిన కుర్చీ చూపించింది. "ఇప్పుడు నువ్వు కూర్చో. గత నెలలో, నువ్వు వద్దనుకున్నా ఆ సంఘటన గుర్తొచ్చిందా?"

డేగ బల్ల మీది ఫోన్ తీసి బోర్లించాడు. తర్వాత, "లైన్లోనే ఉన్నా," అన్నాడు. "వాడికి ఆ మాట చెప్పేలోపే..."

ఆవిడ మార్కు వేసింది. రెండో ప్రశ్నకు వెళ్ళింది.

ఇంతకీ ఆ పెన్నులో సూది లేదు. కథ కోసం నేనే పెట్టాను. ఆ పూట డేగ చేతిలో ఉన్నది మామూలు పెన్సిలు. దాంతోనే చంపుదామని కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరని సూది అమర్చాను.