అప్‌గుజంగ్‌లో బూడిదరంగు బ్యాగు

చొంగ్‌దామ్ వాలు రోడ్డు మీద, పట్టపగలు, సైలెన్సర్ తుపాకీ తూటాకి గిసొప్ పడిపోయాడు. ఖరీదైన షాపు ముందు క్యూ కట్టినవాళ్లు ఎవరో తాగి పడ్డాడనుకున్నారు. కాసేపటి దాకా ఎవరూ క్యూ వదల్లేదు.

ఏజెంట్ ప్యో దన్‌హీ మనసు ఆ కాసేపు దగ్గరే ఆగిపోయింది. గిసొప్ ఆమె జూనియర్. ఆఫీసులో పద్ధతి కాదని చెప్పినా "అక్కా" అనే పిలిచేవాడు. అతను ఆ దారిన వస్తాడని తెలిసింది ఒక్కరికే. మో యేరిమ్. ఆర్ట్ గ్యాలరీ యజమానురాలు, అందగత్తె, ఇటు ఆఫీసుకీ అటు శత్రువులకీ పనిచేసే డబుల్ ఏజెంట్.

డైరెక్టర్ తక్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు.

"రాడార్ చిప్. ఈ మధ్యాహ్నం అప్‌గుజంగ్ కెఫేలో విదేశీ ముఠా చేతికి వెళ్తుంది. యేరిమ్ టేబుల్ మీద బ్యాగు వదిలి బయటికి పోతుంది. ముఠావాడు అలాంటి బ్యాగే తెచ్చి మార్చుకుంటాడు. వాడికంటే ముందు నువ్వు మార్చాలి. డమ్మీ చిప్ ఇదిగో."

"యేరిమ్ సంగతి?"

"ఆమెకి తెలియకూడదు. ఆమె బతికుండాలి. ఆర్డర్."

"గిసొప్‌ని అమ్మింది ఆమే, సార్."

"తెలుసు. పగ రిటైరయ్యాక తీర్చుకో."

యేరిమ్ బ్యాగు లాంటిదే ఒకటి తెచ్చి, డమ్మీ చిప్‌తో పాటు దన్‌హీ అందులో ఒక ఫొటో కూడా పెట్టింది. యేరిమ్, డైరెక్టర్ తక్ ఎదురెదురుగా కూర్చుని, చల్లని నూడుల్స్ తింటూ నవ్వుకుంటున్న ఫొటో. ముఠావాడు చూస్తే చాలు, ఆమె ఎవరి మనిషో తెలిసిపోతుంది. ఇది న్యాయమా అని తనను తాను ప్రశ్నించుకుంది. కాదు. యేరిమ్ ముఖంలో భయం చూడాలని ఉంది, అంతే. ఆ మాట ఒప్పుకున్నాక బ్యాగు జిప్ మూసింది.

కెఫేలో ఖాళీ లేదు. మనుషులు లేని టేబుళ్ల మీద ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు సీట్లు కాపలా కాస్తున్నాయి. ఈ ఊళ్లో అలా వదిలిన వస్తువును ఎవరూ తాకరు. ఎవరైనా తాకితే అందరి కళ్లూ లేస్తాయి. యేరిమ్ బూడిదరంగు బ్యాగు కిటికీ దగ్గరి టేబుల్ మీద ఉంది.

దన్‌హీ తిన్నగా వెళ్లి అక్కడే కూర్చుంది. తన బ్యాగు దాని పక్కన పెట్టి, యేరిమ్ బ్యాగు అందుకుంది. అద్దం తలుపు అవతల గ్రే కోటు వేసుకున్న ముఠావాడు, చేతిలో అలాంటి బ్యాగే పట్టుకుని, మెట్లెక్కుతున్నాడు.

"అక్కా, అది మీ టేబుల్ కాదు," అంది పక్కనున్న అమ్మాయి. "ఒకావిడ పెట్టి వెళ్లింది."

నాలుగు టేబుళ్లు తలెత్తాయి. తలుపు తెరుచుకుంది.

"అయ్యో. నా టేబుల్ అవతలిది. బ్యాగులన్నీ ఒకేలా ఉన్నాయమ్మా."

"ఈ సీజన్ అంతా ఇదే," అమ్మాయి నవ్వి తన బ్యాగు కూడా చూపించింది. "మా అమ్మకీ ఇదే. ఇంట్లో రోజూ గొడవే."

దన్‌హీ చిప్ ఉన్న బ్యాగుతో లేచింది. గ్రే కోటువాడు ఆమె భుజం రాసుకుంటూ వెళ్లి, ఆమె వదిలిన బ్యాగును తన బ్యాగుతో మార్చుకుని కారెక్కాడు.

యేరిమ్ తిరిగొచ్చేసరికి దన్‌హీ మళ్లీ అదే టేబుల్ దగ్గర ఎదురు కుర్చీలో ఉంది.

"దన్‌హీ గారా? మీకు ఇక్కడేం పని?"

"మీరూ మా డైరెక్టర్ గారూ నూడుల్స్ తింటున్న ఫొటో, మీ బ్యాగు కోసం వచ్చినవాడికి పంపాను. ఈపాటికి చూసుంటాడు."

యేరిమ్ కిటికీలోంచి చూసింది. కారు కదల్లేదు. గ్రే కోటువాడు మళ్లీ దిగాడు, చెయ్యి కోటులోపల ఉంది.

"నన్ను ఇక్కణ్ణించి తీసుకెళ్లండి. దయచేసి."

"గిసొప్‌ని కాల్చిందెవరు?"

"వాడే. ఆ వస్తున్నవాడే."

దన్‌హీ కాలర్ మైక్‌లో ఒక్క మాట చెప్పింది. మెట్ల దగ్గర డెలివరీ కుర్రాళ్ల వేషంలో ఉన్న ఇద్దరు ఏజెంట్లు గ్రే కోటువాణ్ణి చప్పుడు లేకుండా నేలకు నొక్కేశారు. కెఫే బయట క్యూలో ఎవరూ కదల్లేదు.

ఆమె యేరిమ్ ముఖం చూసింది. భయం ఉంది, కోరుకున్నంతా ఉంది. కానీ ఆకలి తీరలేదు.

"ముఠాలో మిగతావాళ్లు నన్ను వదలరు," అంది యేరిమ్. "వాళ్ల చేతిలో చావడం కంటే మీరే చంపెయ్యండి."

"కుదరదు. మిమ్మల్ని బతికుంచమని డైరెక్టర్ గారి ఆర్డర్," దన్‌హీ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "తు.చ. తప్పకుండా పాటిస్తాను."