కుప్పం పంపిన ఫోటో

మహేష్ తన చెల్లెలు ప్రీతి ఫోటోను కావాలనే తెల్లగా చేశాడు. తండ్రి మునిరత్నానికి అందులో అనుమానం లేదు. ఆ ఫోటో నచ్చి కుప్పం నుంచి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు, ప్రీతి కాఫీ తెచ్చి నిలబడగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోటోలో పిల్ల వేరే గదప్పా అని లేచి వెళ్లిపోయారు.

ప్రీతిది చనిపోయిన తల్లి ప్రమీలమ్మ రంగు. చెల్లెలి రంగుకు సిగ్గుపడినవాడు తల్లికీ సిగ్గుపడినట్టేనని మునిరత్నం తిట్టాడు. మహేష్ తను తెల్లగా చేయలేదని ఎంత చెప్పినా వినక, మునిరత్నం కొడుకుతో మాట మానేశాడు. మహేష్ పుంగనూరులోని తన ఫోటో స్టూడియోలోనే పడుకోసాగాడు.

ఆ వేసవిలో బి.కొత్తకోట నుంచి ఇంకో సంబంధం వచ్చింది. పొద్దున పాలు పోసి వచ్చి, మదనపల్లెలో ఫోటో తీయిద్దాం పదమన్నాడు మునిరత్నం. అన్న తీస్తేనే కూర్చుంటానంది ప్రీతి. ఆయన గొణుగుతూ వెంట వెళ్లాడు.

మహేష్ ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. తెర మీద పిల్ల మసగ్గా, నల్లగా కనిపించింది. అతను అలవాటుగా వెలుతురు పెంచబోయాడు.

"మళ్లీ మొదలుపెట్నాడు సూడు," అన్నాడు మునిరత్నం, గోడకు చెప్పినట్టు.

ప్రీతి తన చేతిని తెర మీది చేతి పక్కన ఆనించింది. "అన్నా, నేను ఇంత నలుపు ఉండానా?"

మహేష్ రెంటినీ మార్చి మార్చి చూశాడు. మానిటర్ బ్రైట్‌నెస్ ఎప్పుడో చివరిదాకా పెంచేసి ఉంది. వైరు పీకి మళ్లీ బిగించినా మారలేదు. పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే అంజినప్పను అడిగి, అతని మానిటర్ తెచ్చి తగిలించాడు. ప్రీతి ఉన్న రంగులో కనిపించింది. కుప్పానికి పంపిన ఫోటోనూ దాంట్లోనే తెరిచాడు. మొహానికి సున్నం కొట్టినట్టుంది.

మహేష్ స్టూలు మీద కూలబడ్డాడు. "నా మానిటర్ రాన్రానూ మసకబారి పోయింది నాయనా. దాంట్లో పాప సరిగ్గా కనిపించేదాకా పెంచినా. ల్యాబులో ప్రింటు నువ్వే తీసుకోని కుప్పం బస్సెక్కితివి. నేను సూడనే లేదు."

ఇన్నాళ్లూ గిరాకీలు ఒక్కరూ చెప్పలేదా అని ప్రీతి అడిగింది.

"తెల్లగా వచ్చిందని ఎవరు గొడవ పడతారమ్మా? సంతోషంగా తీసుకోని పోయినారు."

మునిరత్నం తలెత్తాడు. గోడ నిండా ఎండలో పని చేసే మనుషుల ఫోటోలే. అందరూ పాలిపోయి ఉన్నారు. ఇన్నేళ్లూ ఆయనకది కనబడలేదు. కుప్పం వెళ్లిన రోజు ల్యాబు కవరు విప్పి కూతురి ఫోటో చూసుకోవాలనీ ఆయనకు తోచలేదు.

మహేష్ తండ్రి వైపు తిరిగాడు. "అమ్మ రంగుకు నేను సిగ్గుపడలేదు నాయనా. నమ్మినానని ఒక్క మాట చెప్పు, చాలు."

మునిరత్నం కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"షాపు మూసి రా. ఇంట్లో సంగటి ఉండాది."

మహేష్ లేవలేదు. ప్రీతి తండ్రి మోచేయి పట్టుకొని, చెప్పు నాయనా అంది. ఆయన కొడుకు భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ ఫోటో సంగతి ఇంక నా నోట రాదు. సచ్చేదాకా రాదు. మీరూ ఎత్తొద్దు."