నది ఆపినవాడి కూతురు

గంధవరం రాజ్యానికి ప్రాణమైన నీలవేణి నది ఒకనాడు ఉన్నట్టుండి ఆగిపోయింది. పైర్లు మాడిపోయాయి, పశువులు నీళ్ళకు అలమటించాయి. నది కాపలాదారు రేచన నదిని రాక్షసుడికి అమ్ముకుని పారిపోయాడని దండనాయకుడు మారయ ప్రకటించాడు. జనం నమ్మారు. రేచన భార్యనూ, చంటిబిడ్డ వకుళనూ అడవికి వెళ్ళగొట్టారు.

పెరిగి పెద్దదైన వకుళ ఒకరోజు విల్లు భుజాన వేసుకుంది.

“వెళ్ళకు తల్లీ. మీ నాన్న ద్రోహి కాడంటే ఎవరు వింటారు?” అంది తల్లి.

“వినేదాకా చెబుతానమ్మా.”

ఊరి ముంగిట భటులు బల్లేలు అడ్డం పెట్టి ఎవరని అడిగారు. “రేచన కూతుర్ని” అందామె తలెత్తి.

“ద్రోహి కూతురికి ఇక్కడేం పని?”

“పుట్టిన ఊరికి రావడానికి పనుండాలా?” అంటూ వకుళ బల్లేలను తోసుకుని నడిచింది. ఆమె చూపు చూసి భటులకు చెయ్యాడలేదు.

ఆమె తిన్నగా నది పుట్టిన కొండెక్కింది. దారిలో రెండు తలల నాగు పడగలెత్తింది.

“నిజం తెలిస్తే ఏడుస్తావు. తిరిగిపో, బిందెల కొద్దీ బంగారమిస్తాను.”

“ఏడిస్తే ఏడుస్తాను. నీకేం? తప్పుకో!”

తనను చూసి బెదరని మనిషిని నాగు ఎన్నడూ చూడలేదు. పడగలు దించి పక్కకు జరిగింది.

కొండ శిఖరాన నది పుట్టే గుహను పెద్ద రాయి మూసేసింది. “నేను రేచన కూతుర్ని!” అని ఆమె కేక వేయగానే లోపలినుంచి రాక్షసుడి నవ్వు వినిపించింది.

“రేచన కూతురివా? నదిని ఆపింది మీ నాన్నే!”

వకుళ వెనుదిరగలేదు. “ఎందుకు ఆపాడు?”

“వరదతోబాటు దిగి ఊరిని మింగాలనుకున్నాను. మీ నాన్న తానే రాయై నన్ను లోపల బంధించాడు. నన్ను పిలిపించింది మీ మారయే. ఊరు నాకు, సింహాసనం అతనికి. ఆ ఒప్పందం ఊరికి తెలిసిందా, నేను బూడిదే. కానీ ద్రోహి కూతురి మాట ఎవరు నమ్ముతారు? రాయిని పక్కకు నెట్టు, మీ నాన్నను బతికిస్తాను.”

వకుళ కన్నీళ్ళు తుడుచుకుని రాయిని ఒక్కసారి నిమిరింది. “నెట్టను” అని కొండ దిగి, నేరుగా రాజసభకు వెళ్ళింది.

“మహారాజా! మారయగారిని ఆ గుహ ముందు నిలబడి, ‘రేచన ద్రోహి’ అని గట్టిగా అనమనండి. ఆ తర్వాత నా తల తీసినా సరే.”

మారయ రాజాజ్ఞ కాదనలేక కొండెక్కాడు. ఊరంతా వెంట వచ్చి, వకుళ సైగ చేయగానే ఊపిరి బిగబట్టి నిలబడింది.

“రేచన ద్రోహి!” అన్నాడు మారయ.

“వచ్చావా మారయా!” అని గుహ గర్జించింది. “ఆకలితో చస్తున్నాను. త్వరగా రాయి తీసి నాకు ఊరినివ్వు, నీకు సింహాసనమిస్తాను!”

ఊరంతా విన్నది. మరుక్షణం లోపల పెనుకేక లేచింది. రాతి సందుల్లోంచి బూడిద ఎగసింది. రాయి కరిగి మనిషైంది. అతని పాదాల మీదుగా నీలవేణి ఉరకలేసింది.

“ఎవరమ్మా నువ్వు?” అన్నాడు రేచన తడబడుతూ.

“నీ వకుళను, నాన్నా!”

మారయను భటులు బంధించారు. రాజు సిగ్గుతో చేతులు జోడించి, “ఏం కావాలో కోరుకో తల్లీ” అన్నాడు.

“మా అమ్మను తీసుకురావడానికి పల్లకీ పంపండి. నాకు మారయ పదవి ఇవ్వండి.”

“ఆడపిల్ల దండనాయకుడా?” అని ఎవరో గొణిగారు.

“ముందుకొచ్చి అనండి” అంది వకుళ.

ఎవరూ రాలేదు. రాజు తన ఖడ్గం తీసి ఆమె చేతికిచ్చాడు.